సరోజినిగారి బూడిదరంగు కుర్తా

ఇందిరాపురంలో పద్మనాభంగారి ఫ్లాటు, సాయంత్రం. నోయిడా ల్యాబు నుంచి వచ్చిన వైశాలి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడింది. ఆ పిల్ల రావడం ఆయనకు కష్టంగా లేదు. అడిగేదే కష్టంగా ఉంది.

“ఇస్త్రీకి ఇచ్చానన్నాను కదమ్మా.”

“అది సోమవారం చెప్పారు సార్. నిన్నేమో ఇంకా ఆరలేదన్నారు. ఇస్త్రీకి వెళ్ళిన కుర్తా మళ్ళీ ఎలా తడిసింది?”

“ఈ మంచుకి, ఈ పొగకి ఏదీ ఆరడం లేదు. ముందు లోపలికి రా. టీ పెట్టాను.”

“వద్దు సార్. కింద క్యాబ్ ఆపి వచ్చాను. కుర్తా ఇచ్చేస్తే వెళ్ళిపోతాను.”

“పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?”

“తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“సార్...”

“బిస్కెట్లా?”

“బిస్కెట్లే. సార్, రేపే గుర్‌గావ్‌లో ప్రెజెంటేషన్. ఆ యూరప్ కంపెనీవాళ్ళు మన బట్ట మెషిన్ రీడింగులన్నీ చూసేశారు. ఇంక మెషిన్లు చాలన్నారు. ఇంట్లో మనుషులు వేసుకుని, ఉతుక్కుని వాడిన బట్ట కావాలిట. చేత్తో పట్టుకుని చూస్తారట.”

“వేసుకుని చూడమని ఇచ్చిన మిగతావాళ్ళవి వచ్చాయిగా. అవి చూపించు.”

“చూపిస్తాను. కానీ నా మొదటి స్లైడే సరోజిని ఆంటీ. ఆవిడ మాటే పెట్టాను. ‘పాతబట్టలు పీకి దూది చేసి మళ్ళీ నేసిందంటే ఎవరు నమ్ముతారే, వెన్నలా ఉంది’ అన్నారు నాతో. మరి ఆ కుర్తా ఏదీ అని అడగరా వాళ్ళు?”

“ఆ స్లైడు తీసెయ్.”

“ఎందుకు?”

“తీసెయ్యమంటున్నానుగా.”

“ఎందుకు సార్?”

“టీలో పంచదార ఎంత వెయ్యను?”

“సార్, నాకు అర్థమవుతోంది. ఆంటీ పోయి ఇంకా ఏడాదైనా తిరగలేదు. ఆవిడ ఒంటిమీది బట్ట. ల్యాబుకి వస్తే పీలికలు కోసి, తెగేదాకా లాగుతాం. ఆ పద్ధతి పెట్టిందే మీరు. ఇప్పుడు దానికే...”

“అది కాదు.”

“కత్తెర తగలనివ్వను. ఒట్టు. రేపు చూపించి, సాయంత్రానికల్లా నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను.”

“అది కాదమ్మా.”

“మరేంటి? మూడేళ్ళు సార్! పానిపట్ గోడౌన్లలో ఆ దుమ్ములో కూర్చుని, ఏ దేశంవాళ్ళో విడిచేసిన స్వెట్టర్లు ఏరాను. నా దగ్గు మీకు తెలుసు. రేపు వాళ్ళు సరేననకపోతే ఓనరు భరద్వాజ్‌గారు యూనిట్‌కి తాళం వేస్తానన్నారు. నాతో సహా అందరం ఇళ్ళకే. మీరంటే కన్సల్టెంటు, మీకేం...”

“నాకేం, అంటావా.”

“సారీ సార్. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీడం లేదు.”

“కూర్చో. ఆ కుర్చీ కాదు, అది ఊగుతుంది. ఇటు రా.”

“ఒక్క నిమిషం, క్యాబతని ఫోను. హాఁ భయ్యా, వచ్చేస్తున్నా... అచ్ఛా, గేటు దగ్గర ఆపద్దంటున్నారా? కాస్త ముందుకు పెట్టుకోండి. దో మినిట్, అంతే.”

“పంపించెయ్ అతన్ని. వెళ్ళేటప్పుడు నేను వేరేది పిలుస్తాను.”

“కుర్తా ఇవ్వండి సార్, వెళ్ళిపోతాను.”

“నువ్వు వదలవు. ఉండు. బీరువా పై అరలో ఉంది, తెస్తాను... ఇదిగో.”

“కవర్లో పెట్టి దాచుకున్నారా... సార్, ఇది వేరేది.”

“అదే.”

“ఇది కొత్తది సార్. కాలర్లో అట్టముక్క అలాగే ఉంది. చేతులకి గుండుసూదులున్నాయి.”

“మన శాంపిల్ రూమ్‌లో గుచ్చినవే అవి.”

“అంటే... ఆంటీ వేసుకోనే లేదా?”

“లోపల చెయ్యి పెట్టి చూడు.”

“నేను చూడని బట్టా సార్ ఇది?”

“చూశావు. నేనూ చూశాను. మన మొదటి బ్యాచ్ గోనెసంచిలా ఉండేది. దాని పక్కన పెట్టి ఇది మెత్తనే అనుకున్నాం. ఆవిడ పోల్చుకుంది మన గోనెతో కాదుగా, తన నేతచీరలతో.”

“మరి నేను ఫోన్ చేసినప్పుడల్లా... ‘ఇవాళ ఎండలో వేసుకెళ్ళానమ్మా, చెమటంతా పీల్చేసింది’ అన్నారు. ‘చంక కింద ఒరుసుకోవడం లేదా ఆంటీ’ అంటే నవ్వారు!”

“పక్కనే ఉండేవాణ్ణి. నేనూ నమ్మాను. మొన్న చీరలు సర్దుతుంటే దొరికింది.”

“మీకైనా చెప్పలేదా?”

“బట్ట ఊసే ఎత్తలేదు. నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఒకటే మాట. ‘పిల్ల గొంతు డస్సిపోయి ఉందండీ, ఏం తింటోందో ఏమో’ అని.”

“అంటే నాకోసం చెప్పారా?”

“నాకోసమైతే చెప్పేది కాదు. నా కాఫీ బాగోకపోతే మొహంమీదే అనేసేది.”

“నవ్వకండి సార్.”

“నవ్వడం లేదమ్మా. నీకు చెప్పాలంటే నోరు రాలేదు. ఆవిడ చెప్పిన ఆ నాలుగు మాటలూ నువ్వెంత అపురూపంగా పెట్టుకున్నావో నాకు తెలుసు.”

“పోన్లెండి. ఒక్కరే కదా. ఆంటీ స్లైడు తీసేస్తాను. మిగతావాళ్ళందరూ మెత్తగా ఉందనే చెప్పారు.”

“ఎవరు వాళ్ళు?”

“మీకు తెలీదా? మన ల్యాబు దీపు వాళ్ళమ్మ. భరద్వాజ్‌గారి చెల్లెలు. అకౌంట్స్ అనసూయగారి ఆయన. మా ఆయన రవి...”

“ఊఁ.”

“ఊఁ అనకండి సార్. బయటివాళ్ళకిస్తే బట్ట సంగతి బయటికి పొక్కుతుందని మనవాళ్ళకే ఇచ్చాం. మీరే అన్నారు.”

“నేనే అన్నాను. మనవాళ్ళయితే శ్రద్ధగా వేసుకుంటారని కూడా అన్నాను.”

“శ్రద్ధగానే వేసుకున్నారు! రవి వారంవారం ఆఫీసుకి అదే వేసుకెళ్ళేవాడు. నా కళ్ళతో చూశాను.”

“వేసుకునే ఉంటాడు. బంగారంలాంటి కుర్రాడు.”

“అంటే?”

“ఏం లేదు. టీ తాగు, చల్లారిపోతోంది.”

“అడగమంటారా?”

“నేను అడగమన్లేదు.”

“అడిగితే, తెలిస్తే, రేపు అక్కడ నిలబడి ఏం చెప్పను సార్?”

“నాకూ తెలీదమ్మా. నువ్వొక్కదానివే నిలబడక్కర్లేదు, నేనూ వస్తాను. అంతవరకు చెప్పగలను.”

“...ఫోన్ స్పీకర్లో పెడుతున్నాను. మీరు మాట్లాడకండి.”

“మాట్లాడను.”

“హలో, రవీ!”

“చెప్పు వైశూ. పద్మనాభంగారు ఇచ్చారా కుర్తా?”

“ఇచ్చారు. నిన్నొకటి అడుగుతాను. ఆ బూడిదరంగు షర్టు ఒంటిమీద ఎలా ఉండేది?”

“బావుందని చెప్పాగా.”

“మెడ దగ్గర గీరుకునేది కాదా?”

“ఇప్పుడెందుకవన్నీ? బయల్దేరావా?”

“రవీ, నిజం చెప్పు.”

“ప్రెజెంటేషన్ రేపేగా?”

“రేపే.”

“అయితే మెత్తగానే ఉంది.”