మా మేడ మెట్ల మీద సూర్యుడు

"మీటరాయన వస్తున్నాడహో" అని వీధి చివరి నుంచి మా బావమరిది వేసిన కేకకి, వసారాలో కంచాలు పెడుతున్న మా ఆవిడ ఆగిపోయింది.

మీటరాయనంటే కరెంటు కంపెనీ మనిషి. ఆ కంపెనీ వాళ్లు మా మేడ మీద సోలార్ పలకలు పెట్టి సరిగ్గా నెల. మేం వాడుకోగా మిగిలితే, కింద గదిలో అద్దెకుండే కుట్టుమిషను అమ్మాయికి ఓ తీగ లాగుతారు. మిగలకపోతే పలకలు విప్పుకుని ఇంకో వీధికి పోతారు. పదేళ్లుగా మిషను తొక్కి తొక్కి ఆ పిల్ల మోకాళ్లు అరిగాయి. తీగొస్తే మోటారు బిగించుకుంటుంది.

అలాంటి రోజున నేను నోరు మూసుకుంటానా? ఆయన సంచీ దించగానే కథ అందుకున్నాను.

"చెప్తే నమ్మరు గానీ, పలకలు పెట్టిన రోజే మా ఫ్యాను ఒక చుట్టు ఎక్కువ తిరిగింది."

"ఎలా లెక్కపెట్టావు బావా?"

"పడుకుని. రెండో రోజుకి దుప్పటి లేచింది, మూడో రోజుకి మంచమే లేచింది. మీ అక్క మంచం కోడు పట్టుకుని 'కూరలో ఉప్పు చూసి వెళ్లండి' అంటోంది, నేనేమో కిటికీలోంచి దూదిపింజలా పైకి పోతున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కింద పడ్డావు."

"పడితే ఇక్కడెందుకుంటాను? పైన ఎండ కాలువలా పారుతోంది, వెచ్చగా, తేనెరంగులో. అడుగున మన వీధి ఇళ్లన్నీ గులకరాళ్లలా మెరుస్తున్నాయి. ఓ మబ్బు అడ్డొచ్చింది. జరగమంటే జరగనంది. చెవి పట్టుకుని పిండాను, పక్కవీధిలో మూడు రోజులు వాన."

"మా బట్టలు ఆరనిది నీ వల్లేనన్నమాట."

"విను. అప్పుడు సూర్యుడే దిగొచ్చాడు. మా మేడ మెట్ల మీద చెప్పులు విప్పి, చెమట తుడుచుకుంటూ, 'ఉన్నదంతా నువ్వే లాగేస్తే సాయంత్రం నేను దేంతో అస్తమించనయ్యా' అన్నాడు. 'మేడ ఉన్నవాడికేనా నీ వెలుగు, కింద గది పిల్లకి లేదా' అని నిలదీశాను. తల దించుకున్నాడు పాపం. 'నేను అందరి మీదా ఒకేలా పడతాను, ఇంటి కప్పెవరిదని అడిగేది మీరేగా' అన్నాడు. చివరికి జేబులోంచి గుప్పెడు వెలుగు తీసి మా మీటర్లో పోసి వెళ్లాడు. చూసుకోండి, నల్లద్దాలుంటే పెట్టుకోండి."

మీటరాయన నిజంగానే చెయ్యి అడ్డం పెట్టుకుని పెట్టె తెరిచాడు.

"సున్నా," అన్నాడు. "నెలంతా సున్నాయే. పలకలు విప్పించాలి."

కలం తీశాడు. భోజనానికి పిలిస్తే వచ్చి కంచం ముందు కూర్చోబోతున్న కుట్టుమిషను అమ్మాయి గోడ పట్టుకుని మళ్లీ నిలబడింది.

"బాబాయ్," అంది నెమ్మదిగా, "పెట్టిన రోజే పలకలకి నాతో పూల తొడుగు కుట్టించావు కదా. రాత్రి మంచుకి కప్పుతావనుకున్నా. పగలు తీస్తున్నావా?"

"తీస్తారటే?" అన్నాను నేను. " అంత ఖరీదైన వస్తువు, ఎండ తగిలితే రంగు పోదూ? టీవీకీ ఫ్రిజ్జుకీ మనం తొడుగులు వెయ్యట్లా?"

మీటరాయన కలానికి మూత పెట్టేశాడు.

"పాపం, సూర్యుడు మెట్ల మీద కూర్చున్నది అందుకే బావా," అన్నాడు మా బావమరిది. "లోపలికి రానిచ్చావు గనకనా?"

నేనే మేడెక్కి తొడుగు లాగేశాను. మిట్టమధ్యాహ్నం ఎండ పలకల మీద వాలిందో లేదో, కింద నుంచి మీటరాయన గొంతు వినిపించింది. "మీటరు కదిలిందండీ. మీకు పోను కింద గదికి బోలెడు మిగులుతుంది. రేపే తీగ లాగిస్తాను."

దిగొచ్చేసరికి అక్కడే కాగితం రాసి ఆ పిల్ల చేతిలో పెడుతున్నాడు. ఆయన్నీ భోజనానికి ఉండమన్నాం. ఇంతమందికి చాప చాలక, ఆ పూల తొడుగే నాలుగు మడతలేసి వసారాలో పరిచాం. నెలరోజుల ఎండంతా దాంట్లోనే ఉన్నట్టు వెచ్చగా ఉంది. కుట్టుమిషను అమ్మాయి మోకాళ్లు పట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. తర్వాత మీటరాయన, బావమరిది, గరిట పక్కన పెట్టి మా ఆవిడ. నేను చివర్న కూర్చుని, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను, ఇంకేమీ మాట్లాడకుండా.