ఎవరి తల్లివి అని అడిగించిన బిడ్డ

అక్కలారా, అన్నలారా, దవాఖాన కమిటీ పెద్దలారా, ముందు వరుసలో కూర్చున్న చెల్లె బుగ్గమ్మా! నాదర్‌గుల్ నుంచి, రావిర్యాల నుంచి, మన ఇబ్రహీంపట్నం గల్లీల నుంచి పనులు వదిలి వచ్చారు. పోయిన నెల సాగర్ రోడ్డు మీద లారీ గుద్ది మన బుగ్గమ్మ బిడ్డ అరుణజ్యోతి పోయింది. నాకు కుర్చీ వేశారు. కూర్చోలేను. పొద్దటి నుంచి కూర్చోవడం, లేవడం, ఇదే పనిగా ఉంది. నిలబడే మాట్లాడతాను.

నేను పెద్దయ్యను. మన ధర్మ దవాఖానలో వరుస ప్రకారం పేర్లు పిలిచేది నేనే. చదువు సంతకం వరకే. కానీ నా గొంతు గేటు అవతల చాయ్ బండి దాకా పోతుంది. అట్లాంటి గొంతు ఇంకొకరికి ఉంటే చూపించండి.

జ్యోతి కంప్యూటర్ చదివిన పిల్ల. ఆదిబట్లలో ఉద్యోగం. ఆదివారాలు మన దవాఖానలో జీతం లేకుండా పనిచేసేది. ఏం పని? పాత చీటీలో సుక్కమ్మ అని ఉంటుంది, కొత్త కార్డులో చుక్కమ్మ అని ఉంటుంది. మనిషి ఒక్కతే. పోయినసారి ఏ గోలీలు ఇచ్చారో డాక్టరుకు ఎట్లా తెలియాలి? కంప్యూటర్‌లో జ్యోతి చేసిన మిషన్ దగ్గరదగ్గరగా వినబడే పేర్లను వెతికి, మిగతా వివరాలు చూసి కలిపేది. దాని కోసం నా బెంచీ మీదే కూర్చుని నేను పిలిచే తీరు వినేది. నాకు అడ్డమని కసిరాను. నవ్వింది. "పెద్దబాపూ, నువ్వు గుంజి పిలిచినా, కురచజేసి పిలిచినా మనిషి లేస్తనే ఉన్నది. నా మిషన్ గూడ గట్ల నేర్వాలె" అన్నది.

నేర్చుకుంది. కానీ ఒకనాడు తప్పింది. రావిర్యాలలో ఒక సుక్కమ్మ, ఒక చుక్కమ్మ ఉన్నారు. వయసూ దగ్గరే. తేడా తెలియాలంటే భర్త పేరు చూడాలి. మన ముసలి ఆడవాళ్లు మొగుని పేరు నోటితో చెబుతారా? కౌంటర్‌లో పిల్ల ఎంత అడిగినా ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. మిషన్ ఏం చేసింది? ఇక్కడ ఖాళీ, అక్కడ ఖాళీ, రెండూ ఒకటే అనుకుంది. ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేసింది. చుక్కమ్మకు ఇచ్చే షుగర్ గోలీలు, షుగరే లేని సుక్కమ్మకు పోయాయి. తెల్లారి ఆమెను చెమటలతో, తెలివి లేకుండా ఆటోలో తెచ్చారు.

అందరం కౌంటర్ పిల్లను తిడుతున్నాం. జ్యోతి ఆఫీసు పని వదిలి ఉరికివచ్చి మా నడుమ నిలబడింది. "ఆమెననకుర్రి. ఖాళీని ఖాళీతోని కలిపింది నేను రాసిన లెక్క. తప్పు నాది" అన్నది. అంతమందిలో అట్లా అనడానికి ఎంత గుండె కావాలి?

మంచం పక్కనే కూర్చుంది. సుక్కమ్మ కండ్లు తెరిచి మొదట అడిగిందేమిటి? "నువ్వెవరి బిడ్డవే?" జ్యోతి బుగ్గమ్మ బిడ్డనని చెప్పింది. మొగుని పేరు చెప్పని మనిషి బిడ్డ పేరు చెప్పదా అని ఆమెకు అప్పుడే తట్టింది.

ఆ రోజు నుంచి మిషన్ తనంతట తాను ఎవరినీ కలపదు. చూపిస్తుంది, అంతే. ఎవరి తల్లివి అని కౌంటర్‌లో మనిషి అడగాలి. పిల్లలు లేనివాళ్లను ఎవరి అక్కవని అడగాలి. సుక్కమ్మ మహేశ్వర్ తల్లి, చుక్కమ్మ సునంద తల్లి. మళ్లీ గోలీలు మారలేదు.

ఇప్పుడు నాకు కాలు నిలవనిది ఎందుకో చెబుతాను. లైను పొడుగవుతోందని, ఆ ప్రశ్న తీసేసి మిషన్‌నే కలపనిద్దామని కమిటీ అనుకుంటోందట. జైపాల్, నువ్వు కమిటీ పెద్దవు. తల దించుకోకు, నా దిక్కు చూడు. అడిగించిన మనిషి పోయిందని అడగడం మానేస్తారా? ఇంకొకరికి గోలీలు మారితే, తప్పు నాదని నడుమ నిలబడేది ఎవరు? నువ్వా? ఆ ప్రశ్న తీసేసిన నాడు నేను పేర్లు పిలవను. ఇంకో గొంతు వెతుక్కోండి.

మొన్న బుగ్గమ్మ బీపీ చూపించుకోవడానికి వచ్చింది. కౌంటర్ పిల్ల పద్ధతి ప్రకారం అడగబోయి ఆగింది. బుగ్గమ్మే అన్నది, "అడుగు బిడ్డా, నన్ను గూడ అడుగు." అడిగింది. "అరుణజ్యోతి తల్లిని" అని బుగ్గమ్మ చెప్పింది. గేటు దాకా వినబడేటట్టు చెప్పింది. ప్రతి నెలా ఆమె ఆ మాట చెప్పుకునే చోటు అదొక్కటే ఉంది. అది కూడా తీసేస్తారా?

ఇక లేవండి. చాతకాని వాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకుని లేవండి. రోజూ నేను ఒక పేరు పిలుస్తాను, పలకకపోతే తర్వాతి పేరుకు పోతాను. ఇయ్యాల ఒక్క పేరే పిలుస్తాను. పలకదని తెలుసు. తర్వాతి పేరు పిలవను. నేను ఊరుకున్నంత సేపు మీరూ ఊరుకోండి.

అరుణజ్యోతీ...