తుంటి బిగించి కొట్టు

హలో… ఆ, నేనే. గోల్ఫ్ మైదానంలోనే ఉన్నా, ఇంకెక్కడికి పోతాను? నువ్వెక్కడ చచ్చావ్? రేపు ఫైనల్ పెట్టుకుని…

ఫిజియో దగ్గరా? ఎవర్నడిగి వెళ్ళావ్?

నడుం నొప్పి… ఆ, నిన్నా ఇదే పాట. నటించకే. నీ వయసులో నాకు నడుమనేది ఒకటుందనే తెలీదు.

— చిన్నీ, ఇటు చూడకు! అక్కతో మాట్లాడుతున్నా, నువ్వు కొట్టు. తుంటి కదలకూడదు. నడుం నుంచి తిప్పు. అదీ!

ఆ, చెప్పు… ఏడుపాపి చెప్పు.

గోల్ఫ్ కర్రే ముట్టుకోకూడదా? ఎన్నాళ్ళు?… ఎవరన్నారు? ఇవ్వు, ఆవిడకే ఇవ్వు ఫోను.

నమస్కారం డాక్టరమ్మా… కాదా? ఫిజియోథెరపిస్టా? ఓహో, ఒళ్ళు పట్టేవాళ్ళని ఇప్పుడలా అంటున్నారన్నమాట. చెప్పండి, వింటున్నా.

తుంటి బిగుసుకుపోయింది… ఊఁ… వీపు పైభాగం కూడా… అవి తిరగాల్సిన తిరుగుడంతా పాపం నడుమే తిరుగుతోంది. అందుకే దెబ్బతింది. బాగుంది. తుంటి బిగించి కొట్టమని నేర్పింది నేనేనండీ! నా ఆటంతా అలాగే ఆడాను. కప్పులున్నాయి ఇంట్లో, వచ్చి చూడండి.

ఒంటికాలి మీద నిలబడటం… పక్కకి పడుకుని చెయ్యి వెనక్కి తెరవడం… ఇవి రోజూ చేస్తే నొప్పీ పోతుంది, బాల్ కూడా దూరం పోతుందా? నవ్వొస్తోంది తల్లీ. పడుకుని ఆడే ఆట కాదిది.

నా నడుమా? నా నడుం సంగతి మీకెందుకు?… అది కూడా చెప్పిందా? నిజమే, బాల్ కింద పెట్టడానికి నేను వంగలేను. చిన్నది పెడుతుంది. అది వయసు… వయసేనండీ! దానికిచ్చేయండి ఫోను.

విన్నావా, ఇంటి గుట్టంతా ఆవిడ ముందు విప్పి కూర్చున్నావే… నాన్నా నాన్నా అనకు. ఇక్కడ నేను కోచ్‌ని. ఒక్కటే అడుగుతా. రేపు ఆడతావా, ఆడవా?

ఆడతావా?… నొప్పున్నా ఆడతావా?… బుద్ధొచ్చింది. అయితే విను. జట్టులో నీ చోటు పొద్దున్నే చిన్నదానికి రాయించేశా. ఏమంటావో చూద్దామని అడిగా, అంతే.

ఎందుకా? విరిగిన సామాను ఎవరైనా అటకెక్కిస్తారు, నెత్తిన పెట్టుకోరు… ఏడు, బాగా ఏడు. ఆవిడ చేత ఏడుపుక్కూడా వ్యాయామం చెప్పించుకో.

— చిన్నీ, ఏంటా వయ్యారం? కొట్టే ముందు ఒళ్ళు సాగదీసుకోవాలా? అక్క నేర్పిందా ఈ సోకులు? కొట్టవే! గట్టిగా! ఇంకా గట్టిగా!

— ఏయ్.

— లే… నటించకు. లే అంటుంటే!

ఆగు, ఫోను పెట్టకు. చిన్నది పడిపోయింది… నడుమే. కదిలితే అరుస్తోంది… అబద్ధం కాదే, దాని అరుపు వినబడట్లేదా నీకు?

ఎవరూ లేరిక్కడ. అడ్డంగా ఉన్నారని అందర్నీ నేనే పంపేశా… ఆవిడేమంటోంది? అంబులెన్స్‌కి చేస్తోందా? చెయ్యమను, చెయ్యమను… ఈలోపు లాగి లేపొద్దంటోందా? సరే… తనకు ఏ పక్క బాగుంటే ఆ పక్కకి మెల్లగా ఒత్తిగిలేలా చూడాలి. మోకాళ్ళు మడిచి, మధ్యలో తువ్వాలు… సరే, సరే.

అమ్మడూ… అలా చెయ్యాలంటే కింద కూర్చోవాలి కదే. నేను వంగలేనుగా. నీకు తెలుసుగా…

— ఉండమ్మా, ఉండు చిన్నీ, ఇక్కడే ఉన్నా… చెయ్యందట్లేదమ్మా…

ఆ, చెప్పు. ఏం చెయ్యను?… ఏమన్నావ్?

'నటించకు నాన్నా, వంగు' అంటావా? నాతోనా?

హలో… హలో?

— చిన్నీ… అక్క పెట్టేసిందే.