మూడు వేల మంది రక్తదాతలు

“కత్తి కాస్త నెమ్మదిగా ఆడించు బాబూ, మాట్లాడుతుంటే నా గడ్డం కదులుతుంది. ఎక్కడున్నాం? ఆఁ, ట్రిగ్గర్. అంటే బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లో నేను ముందే రాసిపెట్టిన ఆజ్ఞ. దాతల టేబుల్లో, అంటే పేర్ల పట్టికలో, ఎవరి పేరు పక్కన ఏ మార్పు జరిగినా, ఒకరు చెప్పక్కర్లేదు, దానంతటదే లేచి ఆ దాతకి ‘వెంటనే రండి’ అని మెసేజ్ పంపేస్తుంది. పంపినట్టు మళ్ళీ ఆ పేరు పక్కనే రాసుకుంటుంది. రెండేళ్ల కిందట మీ ఆవిడకి కాన్పు కష్టమై ఓ నెగెటివ్ రక్తం కావాల్సొచ్చింది, గుర్తుందా?”

“మర్చిపోతానా బాబాయ్? మీ వల్లే బతికింది” అన్నాడు సెలూనతను. అప్పట్నుంచి ఈ బ్లడ్ బ్యాంకు సారు గడ్డం డబ్బు తీసుకోకుండా గీస్తున్నాడు.

“ఆ రోజు ఒక్క పేరు పక్కన ఒక్క టిక్కు పెట్టాను, అంతే. మూడు వేల నూట పన్నెండు మెసేజులు వెళ్ళాయి. కంప్యూటర్లో లెక్కుంది, కావాలంటే చూపిస్తా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరగంటలో నలభై మంది దిగారు. గంటకి వీధి నిండిపోయింది. బస్సులు ఆగిపోతే అందులోవాళ్ళూ దిగి చొక్కా చేతులు మడిచారు. ఫ్రిజ్‌లు చాలక ఐస్‌క్రీము షాపుల్లో దాచాం. ఆఖరికి ట్రిగ్గర్ ఎంత ముదిరిందంటే, ఇంకా జబ్బు పడనివాళ్ళకి కూడా రక్తం సిద్ధం చేసేసింది. పెద్ద డాక్టరుగారు వచ్చి కంప్యూటర్‌కి దణ్ణం పెట్టారు.”

బెంచీ మీదివాళ్ళు నోళ్ళు తెరిచి వింటున్నారు. టీలు తెచ్చిన పెద్దాయన మాత్రం గ్లాసులు కింద పెట్టాడు.

“సారూ, ఆ మూడు వేల మందీ నేనే.”

పెద్దాయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు.

“ఆ గ్రూపులో మీ దగ్గరున్నది నా పేరొక్కటేనట. పంపినట్టు రాసుకుంటే అదీ మార్పే కదా, మళ్ళీ నాకే పంపిందట. సూది గుచ్చి పడుకోబెట్టినా ఇది జేబులో మోగుతూనే ఉంది. నర్సమ్మ వెళ్ళి ప్లగ్గు పీకితే గానీ ఆగలేదు.”

సెలూనతని కళ్ళు తడయ్యాయి. “ఇన్నాళ్లూ చెప్పలేదేం పెదనాన్నా?”

“ఏం చెప్పను? తల్లీబిడ్డా క్షేమమన్నారు. పొయ్యి మీద పాలు పెట్టొచ్చానని వెళ్ళిపోయాను.”

అతను కత్తి పక్కన పెట్టి, కొత్త తువ్వాలు తీసి, సారుని లేవమన్నాడు. ఆ కుర్చీలో ముందు పెద్దాయన కూర్చోవాలన్నాడు.

“మరి నా రెండో చెంప?”

“ఉండనీండి బాబాయ్. ఒక చెంప మారింది కదా, రెండోది దానంతటదే అయిపోతుంది.”