చిన్న గిన్నెకి అంటిన పచ్చ

ఆదివారం పొద్దున. వంటగదిలో అత్తా కోడలూ. ముందుగదిలో పేపరు చదువుతూ కొడుకు.

"ఈ టీ జాలీ చూడమ్మాయ్. నాచు పట్టిన తొట్టిలా తయారైంది. ఇందులో నాకు టీ ఎలా వడపోస్తావు?"

"కడుగుతాను అత్తయ్యా. మాచా అంటే జపాను పచ్చ టీ పొడి కదా, జల్లించకపోతే ఉండలు కడుతుంది."

"నిన్నా కడుగుతాననే అన్నావు."

"నిన్నా కడిగాను. సరే, జాలీ తప్పు నాదే. మరి ఈ చిన్న గిన్నె సంగతేమిటి? అడుగున పచ్చగా మాడి ఉంది. ఇందులో నేను ఉత్త పాలేగా వెచ్చబెడతాను?"

"నన్నడుగుతావేం? పొడి చేతులతో ఇల్లంతా తడుముతావు. రేపు గోడలకీ అంటుతుంది."

"గోడలు మాడవు కదా అత్తయ్యా."

"జాలీ అంటే గిన్నె అంటావు! ముందా చీపురు తీసి పక్కన పెట్టు."

"చీపురు కాదు, వెదురు బ్రష్షు. దీంతో గిలక్కొడితేనే నురగ వస్తుంది."

"నురగ కోసం చీపురు. బాగుంది."

"కాసేపు నన్ను మాట్లాడించకండి. నీళ్ళు కాగి కొంచెం చల్లారాయి, ఇప్పుడే పొయ్యాలి."

"చల్లారాకా? వేడిగా తాగేదాన్ని చల్లార్చి పొయ్యడమేమిటి, చోద్యం కాకపోతే!"

"మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది. పాలూ అంతే, వెచ్చగా ఉంటే చాలు... హమ్మయ్య. చూడండి, ఎంత నురగొచ్చిందో! ఒక్క గుక్క తాగి చూస్తారా?"

"నాకొద్దు తల్లీ, గడ్డి తాగే వయసు కాదు నాది. ఇటివ్వు, వాడికి నేనిచ్చొస్తాను. నువ్వు ఆ జాలీ పట్టుకెళ్ళి బయట కుళాయి కింద తోము. సింకు నిండా కప్పులే."

"రోజూ నన్ను బయటికి తోలేసి ఈ సింకుని బాగా కాపాడుతున్నారు."

"వెళ్ళు, వెళ్ళు. నురగ పోతుందంటావు మళ్ళీ."

కాసేపటికి, ముందుగదిలో.

"ఏమండీ, తాగారా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

"బాగానే..."

"నిజం చెప్తానని మాటిచ్చారు."

"చేదుగా ఉంది. నిన్నటికంటే ఎక్కువ."

"చేదా! నురగ?"

"నురగెక్కడుంది? పైన మీగడ కట్టింది. మీసానికి అంటుకుంటోంది."

"నేనిచ్చినప్పుడు నురగుంది! చెంచాడు రుచి కూడా చూశాను. కమ్మగానే ఉంది."

"ఎవరు చేసింది వాళ్ళకి కమ్మగానే ఉంటుంది. నేను ఆఫీసు దగ్గర రోజూ తాగుతాను, నాకు తేడా తెలీదా?"

"రేపు పొద్దున వీధి చివరి కాఫీ షాపు ఆవిడ ముందు కలిపి చూపించాలండీ. ఆవిడకి నచ్చితేనే ఉద్యోగం. పెళ్ళయ్యాక నేను నోరు తెరిచి అడిగిన మొదటి ఉద్యోగం."

"అందుకే నిజం చెప్తున్నా. ఆవిడ చేత మొహం మీద అనిపించుకోవడం కంటే..."

"పొద్దున కలుపుతున్నా, సాయంత్రం కలుపుతున్నా. డబ్బా మార్చాను, పాలు మార్చాను. ఇంకేం మార్చమంటారు? నాకు తియ్యగా ఉన్నది మీకు చేదెలా అవుతుంది? నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది."

"పోనీలే అమ్మాయ్, కళ్ళు తుడుచుకో. అందరికీ అన్నీ రావాలని ఎక్కడుంది? ఇంట్లో నీ చేతి టీ చాలదూ మాకు?"

"ఓదార్పు చాలు అత్తయ్యా. మధ్యాహ్నం ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

మధ్యాహ్నం, భోజనాల బల్ల దగ్గర.

"చెప్పేశావా ఆవిడకి?"

"తిన్నాక చెప్తానండీ. ఇంకో గరిటె అన్నం పెట్టనా?"

"చాలు. నీకు కోపం వచ్చిందా?"

"మీ మీద దేనికి? ఉన్న మాటే అన్నారు."

"మంచిపని చేస్తున్నావమ్మాయ్. ఎవరికి కావాలి ఆ పొడి? ఎంత మరిగించినా పచ్చివాసన పోదు."

"ఏమన్నారు అత్తయ్యా?"

"అలా చూస్తావేం? తిను."

"ఎంత మరిగించినా?"

"మాటవరసకన్నాను."

"నేనెప్పుడూ మరిగించలేదు అత్తయ్యా. కప్పులోనే కలుపుతాను. చిన్న గిన్నెలో మరిగించింది ఎవరు?"

"వాడి దగ్గరికి తీసుకెళ్ళేసరికి చల్లారిపోతుందని, ఒక్క పొంగు..."

"అమ్మా! నేను చేదు చేదని మొత్తుకుంటుంటే పక్కనే ఉన్నావు కదే!"

"వేడిగా ఉందని నువ్వొక్కసారైనా మెచ్చుకున్నావురా?"

"ఆగండి మీరు. రోజూనా అత్తయ్యా?"

"మొదటిరోజు నిజంగానే చల్లారిందని మరిగించాను."

"తర్వాత?"

"కూర చల్లారుతోంది, తినండి."

"తర్వాత?"

"తర్వాత... వాడు చేదన్నాడు. ఇక నా వల్ల కాదు, వెళ్ళనులే అన్నావు నువ్వు. ఆ మాట నా చెవికి బాగుంది."

"బాగుందా!"

"తెల్లారగానే వాడు వెళ్తాడు. నువ్వూ వెళ్తే మధ్యాహ్నం దాకా ఈ ఇంట్లో నేనెవరిని సాధించను? టీ జాలీనా?"

"నేను ఏడ్చినప్పుడల్లా వీపు నిమిరారు. ఆ చేత్తోనే మళ్ళీ మళ్ళీ పొయ్యి వెలిగించారు."

"నిమిరినప్పుడు మాత్రం నిజంగానే బాధపడ్డానమ్మాయ్."

"ఇప్పుడేం చేద్దామంటావు? అమ్మ తరఫున నేను..."

"మీరేం అనకండి. ఇద్దరూ వినండి. రేపు పొద్దున వెళ్తున్నాను, కలుపుతున్నాను, ఉద్యోగం తెచ్చుకుంటున్నాను. వెళ్ళేముందు ఇక్కడ రెండు కప్పులు పెడతాను. ఒకటి మీకు, అత్తయ్యా. రేపు ఆఫీసుకి ఆలస్యమైనా సరే, మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన్ని సాధిస్తూ తాగండి. స్టవ్ లైటర్ మాత్రం నా బ్యాగులో వేసుకుని పోతాను."