అర అంగుళం తక్కువ చేతులు

కాలేజీ ఆటగాళ్లను జట్లు రౌండ్లవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందురోజు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో, ఆటగాళ్లను వెతికిపెట్టే పెద్ద స్కౌటు, చిన్న స్కౌటు హల్వర్సన్ అనే కుర్రాడి పాత కాలేజీ ఆట వీడియో చూస్తున్నారు.

"హల్వర్సన్ వద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? చేతులు అర అంగుళం పొట్టి!"

"కాలేజీలో ఉన్నన్నాళ్లూ తన వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఈగ వాలనివ్వలేదు సార్."

"కాలేజీ పిల్లల్ని ఆపడం కూడా ఓ గొప్పేనా? మన లీగులో పొడుగు చేతులవాడు ఒక్క తోపు తోశాడంటే వెల్లకిలా పడతాడు."

"మీకు దణ్ణం పెడతాను, ఆ కొలత టేపు కాసేపు పక్కన పెట్టి ఆట చూడండి సార్."

"చూస్తూనే ఉన్నాగా... అబ్బో, హల్వర్సన్ ఎత్తి కుదేశాడే! ఎవడయ్యా ఆ కిందపడ్డ చవట?"

"పోయినేడు మొదటి రౌండులోనే కావాలని మీరు పట్టుబట్టారే, ఆయనే సార్. చేతులు పొడుగని."