పొయ్యి పక్కన అరిగిన నేల

అది కాదక్కా, తలుపు వేసెయ్యకు! నీ చేత తిట్టించుకోవడానికే వచ్చాను, ఆ మాత్రం వినవా? తవ్వకాల పని నుంచి నిన్ను పంపించేసి ఏడు నెలలైంది. ఎన్నిసార్లు ఈ వీధి మొదటిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయానో! నిజం.

ఆ వెనక గది గుర్తుందా? ఎందుకుండదూ! రెండు వేల ఏళ్ల నాటి ఇల్లు. కాలిన మట్టి, బుల్లి బుల్లి మట్టి గిన్నెలు. నేనేమో "ఇది దేవుడి గది" అని తేల్చేశాను.

నువ్వు గంప దించి, "కాదు సార్, వంటిల్లు. పొయ్యి పక్కన నేల చూడండి, ఒక్కచోటే అరిగింది. ఎవరో ఆడమనిషి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంది. నేనూ అలాగే కూర్చుంటాను" అన్నావు.

నేనేమన్నాను? "అయితే ఆ పూట కూరేం వండిందో కూడా చెప్పు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. పాపం, నువ్వూ నవ్వావు.

తీరా ఆ మట్టిని పరీక్షకి పంపితే ఏమొచ్చింది? చేప కొవ్వు, ఉడికిన గింజలు! ఇదేమిటయ్యా అని పెద్దసారు నిలదీశారు. "ఆ కూలామె మట్టి సంచుల మీద నంబర్లు తారుమారు చేసింది సార్" అనేశాను. తడుముకోకుండా వచ్చేసిందక్కా అబద్ధం.

ఆ నంబర్లు వేసింది నేనే. నీకు అంకెలు రాయడం రాదని నాకు తెలుసు. వాళ్లెవరూ అడగలేదు.

మళ్లీ మట్టి తీశారు. మళ్లీ అదే చేప. అప్పుడైనా నోరు విప్పానా? అరిగిన నేల సంగతి నేనే కనిపెట్టినట్టు వ్యాసం రాసుకున్నాను! ఇప్పుడు మ్యూజియంలో ఆ గది అచ్చం నువ్వు చెప్పినట్టే కట్టారు. పొయ్యి పక్కన ఆడమనిషి బొమ్మ, కింద బోర్డు మీద నా పేరు.

నిన్న ఒక స్కూలు పిల్ల, "ఆమె అక్కడే కూర్చునేదని మీకెలా తెలిసింది సార్?" అంది. "ఓపిగ్గా చూడాలమ్మా" అన్నాను.

ఇవాళ పొద్దున్నే పెద్దసారుకి మొత్తం చెప్పేశాను. ఆయన అరవలేదు. నా ఉద్యోగం సంగతి తర్వాత చూస్తానన్నారు. కాగితం ముందుకి లాక్కుని, "బోర్డు మీద ఆమె పేరు వేయిద్దాం, చెప్పు" అన్నారు.

మూడేళ్లు ఒకే గుంటలో పనిచేశాం. హాజరు పుస్తకంలో నిన్ను "కూలీ, ఆడ, నాలుగు" అని రాసిందీ నేనే.

నీ పేరేంటక్కా?